యాప్ చెప్పే ధర, వాల్యూయర్ కట్టే ధర: మన వాడ ఇంటికి ఏది నమ్మాలి?

మా చిన్నాన్న ఇల్లు గుంటూరు వైపు ఒక చిన్న పట్టణం అంచున ఉంది. నూట యాభై గజాల జాగా, రెండు గదులు, వంటిల్లు, పైన శ్లాబు. ఆ జాగా ప్రభుత్వం ఇచ్చింది కాదు, మా తాత ఒక రైతు దగ్గర కొని రిజిస్ట్రేషన్ చేయించుకున్నది. దాని వెనక వీధి నుంచి ఎస్సీ కాలనీ మొదలవుతుంది. అక్కడన్నీ డి-ఫారం పట్టాలు. ముందున్న రోడ్డు దాటితే మాత్రం కొన్నేళ్లుగా వెంచర్లు వేస్తున్నారు, ఆర్చీలు, పూలకుండీలు, సెక్యూరిటీ గార్డుతో సహా.

చెల్లి నర్సింగ్ చదువుకు ఇల్లు తనఖా పెడదామనుకున్నాడు చిన్నాన్న. పదిహేను రోజుల్లో నాలుగు ధరలు విన్నాడు. ఫోన్లో ఒక ఇళ్ల వెబ్‌సైట్ 45 లక్షలంది. బ్యాంకు పంపిన వాల్యూయర్ 29 లక్షలు రాశాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లెక్కలో అది 14 లక్షలు కూడా దాటలేదు. నాలుగోది ఒక బ్రోకర్ చెప్పింది. "రోడ్డు అవతలైతే వేరే లెక్క. ఇక్కడ ఊళ్లోవాళ్లు కొనరు, మీవాళ్లకే అమ్ముకోవాలి. ఇరవై వస్తే ఇచ్చెయ్." ఆ బ్రోకర్ చిన్నాన్న కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. అయినా "ఇచ్చెయ్" అనే అన్నాడు.

"ఒకే ఇంటికి ఇన్ని రేట్లేందిరా, వీటిల్లో ఏది నిజం?" అని ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని వెతికితే అర్థమైంది ఇది: వెబ్‌సైట్ తప్పు చెప్పడానికి కారణం దానికి మన వాడ గురించి ఏమీ తెలియకపోవడం. వాల్యూయర్ తప్పు చెబితే దానికి కారణం చాలాసార్లు మన వాడ ఏదో అతనికి బాగా తెలియడం.

ఫోన్లో ఆ అంకె ఎక్కడిది?

కంప్యూటర్ లెక్కతో ఇంటి ధర చెప్పే పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది అమెరికాలోని జిల్లో అనే సంస్థ. 2006లో "జెస్టిమేట్" పేరుతో మొదలుపెట్టింది. ఇంటి విస్తీర్ణం, గదులు, ఏ ఏడు కట్టారు, పన్ను రికార్డు, చుట్టుపక్కల ఇళ్లు ఎంతకు అమ్ముడయ్యాయి లాంటి సమాచారమంతా తీసుకుని ఒక అంకె ఇస్తుంది. ఇంట్లోకి ఎవరూ వెళ్లరు.

తన లెక్క ఎంత తప్పుతుందో ఆ సంస్థే చెబుతుంది. అమ్మకానికి పెట్టిన ఇళ్ల విషయంలో తప్పు సుమారు 2 శాతం, అమ్మకానికి పెట్టని ఇళ్ల విషయంలో సుమారు 7 శాతం. ఇది నడిమి లెక్క. అంటే సగం ఇళ్ల విషయంలో తప్పు అంతకంటే ఎక్కువే ఉంటుంది. మరి అమ్మకానికి బోర్డు పెట్టగానే కంప్యూటర్‌కు తెలివి ఎలా పెరుగుతుంది? ఇల్లు చూసి, వీధి చూసి ఒక ఏజెంటు పెట్టిన ధర అప్పుడు దాని చేతికి అందుతుంది కాబట్టి. మనిషి చూసి చెప్పిన అంకె మీద ఆనుకున్నప్పుడే అది గురికి దగ్గరగా వస్తోంది.

2016లో జిల్లో సీఈఓ స్పెన్సర్ రాస్కాఫ్ సియాటిల్‌లోని తన సొంత ఇల్లు 10.5 లక్షల డాలర్లకు అమ్మాడు. అదే సమయంలో ఆ ఇంటికి జెస్టిమేట్ చూపించిన విలువ సుమారు 17.5 లక్షల డాలర్లు. తర్వాత ఆ కంపెనీ తన లెక్కల మీద నమ్మకంతో ఇళ్లను స్వయంగా కొని అమ్మే వ్యాపారంలోకి దిగింది. ముందు ముందు ధరలు ఎలా ఉంటాయో సరిగా అంచనా వేయలేకపోయామని ఒప్పుకుని 2021 నవంబరులో దాన్ని మూసేసింది. ఆ ఒక్క త్రైమాసికంలో కొన్న ఇళ్ల విలువ తగ్గించుకుని రాసుకున్న నష్టం 30 కోట్ల డాలర్లకు పైనే. ఉద్యోగుల్లో నాలుగో వంతు మందిని తీసేసింది.

అక్కడ చాలా రాష్ట్రాల్లో ఏ ఇల్లు నిజంగా ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వ రికార్డులో దొరుకుతుంది. అంత సమాచారం ఉన్నచోట పరిస్థితి ఇది.

మన దగ్గర రికార్డులో ఉండేది నిజమైన ధర కాదు. దస్తావేజులో ప్రభుత్వ విలువ రాస్తారు, మిగతాది నోట్లకట్టల్లో చేతులు మారుతుంది. తెలంగాణలో 2013 తర్వాత ఆ ప్రభుత్వ విలువల్ని మళ్లీ సవరించింది 2021 జూలైలో. ఆ ఎనిమిదేళ్లలో హైదరాబాద్ చుట్టూ భూముల ధరలు ఎటుపోయాయో చెప్పనక్కర్లేదు. కాబట్టి మన వెబ్‌సైట్లు ఎక్కువగా ఆధారపడేది అమ్మేవాళ్లు, బ్రోకర్లు పెట్టిన ప్రకటనల మీద. అంటే ఆశపడిన ధర మీద. ఎంతకు బేరం తెగిందో ఆ ప్రకటన చెప్పదు.

ఇక మన వాడల సంగతి. డి-ఫారం పట్టా, డీకేటీ పట్టా, తెలంగాణలో లావణి పట్టా, ఏ పేరుతో పిలిచినా అసైన్డ్ భూముల బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధించింది. ఇళ్ల స్థలాల విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత సవరణలు వచ్చాయిగానీ, ఏళ్ల తరబడి ఆ వీధుల్లో రిజిస్టరైన అమ్మకాలు దాదాపు లేవు. అమ్మకమే లేనిచోట ప్రకటన ఉండదు. ప్రకటన లేనిచోట కంప్యూటర్‌కు కనిపించేది ఖాళీ. ఆ ఖాళీని పక్కనున్న అంకెతో నింపేస్తుంది. చిన్నాన్న ఇంటికి 45 లక్షలు అలా వచ్చినవే: ఏరియా పేరు ఒకటే కాబట్టి రోడ్డు అవతలి వెంచర్ గజం ధర తెచ్చి ఇవతలి ఇంటికి కట్టింది. రోడ్డు అవతల ఊరు, ఇవతల వాడ అని దానికి తెలియదు.

తెలియకపోతే మంచిదే కదా, కులం చూడని ధర కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఆ అంకె చూపించి ఎక్కడా అప్పు పుట్టదు, ఆ ధరకు కొనేవాడూ రాడు. 45 అని నమ్మి బేరానికి వచ్చినవాళ్లందరినీ వెనక్కి పంపి, రెండేళ్ల తర్వాత అవసరం మీదపడి 18కి అమ్ముకున్నవాళ్లు మా కాలనీ పక్కనే ఉన్నారు.

వాల్యూయర్ ఏం చూస్తాడు?

బ్యాంకు ప్యానెల్లో ఉండే వాల్యూయర్ సాధారణంగా సివిల్ ఇంజినీర్. జాగాకు ఒక లెక్క, కట్టడానికి ఒక లెక్క వేస్తాడు. కట్టడం లెక్క సులువు. ఇవాళ అదే ఇల్లు కడితే అడుగుకు ఎంతవుతుందో చూసి, ఇంటి వయసును బట్టి తరుగు తీసేస్తాడు. గొడవంతా జాగా దగ్గరే. దగ్గర్లో ఈ మధ్య అమ్ముడైన అలాంటి జాగాలు ఏవి, ఎంతకు పోయాయి, వాటికీ దీనికీ తేడా ఏమిటి అని చూసి గజం ధర కట్టాలి. పద్ధతి ప్రకారమైతే ఆ అమ్మకాల వివరాలు రిపోర్టులో ఉండాలి.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఆ రిపోర్టు బ్యాంకు కోసం రాసేది, మన కోసం కాదు. అందుకే మార్కెట్ విలువతోపాటు రియలైజబుల్ వాల్యూ, డిస్ట్రెస్ వాల్యూ అని ఇంకా తక్కువ అంకెలు కూడా రాస్తారు. అప్పు కట్టకపోతే హడావుడిగా అమ్మినా ఎంత వస్తుందన్నది బ్యాంకు చింత. చాలామంది ఆ చివరి అంకె చూసి మా ఇల్లు ఇంతేనా అని కుంగిపోతారు. మూడింటిలో మీకు చెప్పింది ఏదో ముందు అడగండి.

చాలా బ్యాంకులు వాడే రిపోర్టు నమూనాలో ఒక గడి ఉంటుంది: ప్రాంతం ఎలాంటిది? హై, మిడిల్, పూర్. వాటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. చిన్నాన్న రిపోర్టులో "పూర్" అని ఉంది. జాగా గజం 15 వేలు అని రాసి, ఏ అమ్మకాలు చూసి కట్టాడో రాయాల్సిన చోట "స్థానిక విచారణ" అన్న రెండు మాటలు రాసి వదిలేశాడు. ఎవరిని విచారించాడు? చిన్నాన్నను మాత్రం అడగలేదు. బ్రోకర్‌ను అడిగితే ఏం చెప్పి ఉంటాడో మనకు తెలుసు.

ఇలా ప్రాంతానికి గ్రేడు వేసే అలవాటుకు ఒక చరిత్ర ఉంది. 1930లలో అమెరికా ప్రభుత్వం ఏర్పాటు చేసిన గృహ రుణ సంస్థ నగరాల పటాలు గీయించి పేటలకు గ్రేడ్లు ఇచ్చింది. నల్లజాతివాళ్లు ఉండే పేటలకు దాదాపుగా ఎర్రరంగు, అంటే అప్పుకు ప్రమాదకరం అని. 1968లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. పటాలు పోయాయి, చూపు పోలేదు. 2020లో కాలిఫోర్నియాలోని మరిన్ సిటీలో పాల్ ఆస్టిన్, టెనీషా టేట్-ఆస్టిన్ అనే నల్లజాతి దంపతుల ఇంటికి ఒక వాల్యూయర్ 9.95 లక్షల డాలర్లు కట్టాడు. వాళ్లు గోడల మీది కుటుంబం ఫొటోలు తీసేసి, ఒక తెల్లజాతి స్నేహితురాలిని ఇంటావిడగా కూర్చోబెట్టి మరో వాల్యూయర్‌ను పిలిపించారు. కొద్ది వారాల తేడాతో అదే ఇల్లు 14.8 లక్షల డాలర్లయింది. వాళ్లు కోర్టుకు వెళ్లారు, 2023లో రాజీ కుదిరింది.

అది ఒక్క ఇంటి కథ కాదు. 2021లో ఫ్రెడ్డీ మ్యాక్ అనే గృహ రుణ సంస్థ లక్షల కొద్దీ వాల్యుయేషన్లు పరిశీలించింది. బేరం కుదిరిన ధర కంటే తక్కువ విలువ కట్టింది తెల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే చోట 7.4 శాతం ఇళ్లకు, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే చోట 12.5 శాతం ఇళ్లకు. మరి మనిషిని తీసేసి కంప్యూటర్‌ను పెడితే సరిపోతుందా? నల్లజాతి పేటల్లో ఆ కంప్యూటర్ లెక్కల తప్పు కూడా ఎక్కువేనని అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చూపించారు. పాత ధరలు నేర్పిందే అది చెబుతుంది. 2024లో అమెరికా నియంత్రణ సంస్థలు గృహ రుణాల్లో వాడే కంప్యూటర్ వాల్యుయేషన్లకు నిబంధనలు తెచ్చాయి. వాటిలో వివక్ష లేకుండా చూసుకోవాలన్నది ఒకటి.

మన దగ్గర ఫొటోలు తీసేసినా లాభం లేదు. అంబేడ్కర్ నగర్, జగ్జీవన్‌రామ్ కాలనీ, ఎస్సీ కాలనీ అని చిరునామాలోనే ఉంది. దేశంలోని ఏడు పెద్ద నగరాల వార్డుల లెక్కలు తీసిన త్రినా వితయత్తిల్, గాయత్రీ సింగ్ 2012లో చెప్పింది కూడా ఇదే: నగరాల్లో జనం ఆర్థిక స్థితిని బట్టి కంటే కులాన్ని బట్టే ఎక్కువగా విడిపోయి బతుకుతున్నారు.

ఇక్కడ వాల్యూయర్ వాదన కూడా వినాలి. ధర నేను పెట్టడం లేదు, మార్కెట్‌లో ఉన్నదే రాస్తున్నాను, ఊళ్లోవాళ్లు వాడలో కొనకపోతే నేనేం చేస్తాను అంటాడు. ఇందులో కొంత నిజముంది. కొనేవాళ్లు సగం మంది కులం చూసి పక్కకు తప్పుకుంటే ధర తగ్గుతుంది. కానీ వాడలో నిజంగా జరిగిన మూడు అమ్మకాలు చూసి తక్కువ రాయడం వేరు. "ఇది వాడ కదా" అని కళ్లతోనే సగం కోసేయడం వేరు. మొదటిది చేదు నిజం, రెండోది వివక్ష. రిపోర్టులో అమ్మకాల వివరాలు లేకపోతే ఏది ఏదో తేల్చలేం.

ఆ కోత కాగితం మీదే ఆగిపోదు కూడా. మన వాడలో ఇల్లు కొనేది ఎక్కువగా మనవాళ్లే, వాళ్లు కొనేది అప్పు తెచ్చి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహ రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు. బేరం 30 లక్షలకు కుదిరిందనుకుందాం. వాల్యూయర్ 24 అంటే బ్యాంకు ఆ తక్కువ అంకె మీదే లెక్క వేస్తుంది: 21.6 లక్షలు. మిగతా 8.4 లక్షలు కొనేవాళ్లు రొక్కంగా తేవాలి. అంత రొక్కం మనవాళ్లలో ఎంతమంది దగ్గర ఉంటుంది? బేరం పోతుంది, లేదా ధర 24కు దిగుతుంది. రేపు వచ్చే వాల్యూయర్‌కు ఆ 24 సాక్ష్యమవుతుంది.

రోడ్డు వెడల్పు చేస్తామని నోటీసు వస్తే

అప్పు కోసమైతే ఇంకో బ్యాంకుకు వెళ్లవచ్చు. ప్రభుత్వమే ఇల్లు తీసుకుంటానన్నప్పుడు ధర ఎంతన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఊరి అంచున ఉండేది మనమే కాబట్టి బైపాస్ వచ్చినా, కాలువ వచ్చినా ముందు గీత పడేది మన వాడ మీదే.

2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం మార్కెట్ విలువ కట్టడానికి ప్రధానంగా రెండు లెక్కలు చూడాలి. ఒకటి రిజిస్ట్రేషన్ కోసం పెట్టిన ప్రభుత్వ విలువ. రెండోది దగ్గర్లో అలాంటి భూములకు గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజులు తీసుకుని వాటి సగటు. వీటిలో ఏది ఎక్కువైతే అది. దాని మీద గ్రామీణ ప్రాంతమైతే గుణకం, కట్టడాలకు, చెట్లకు విడిగా విలువ, ఆపైన 30వ సెక్షన్ కింద నూరు శాతం సొలేషియం. ఫోన్లో కనిపించే 45 లక్షలు ఇందులో ఎక్కడా లెక్కకు రావు. స్క్రీన్‌షాట్ పట్టుకుని ఆర్డీవో ఆఫీసుకు వెళితే కాగితం తీసుకోను కూడా తీసుకోరు. అక్కడ నిలిచేది దస్తావేజు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని తక్కువ ధర రాయించుకునే అలవాటు చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఇక్కడ కనిపిస్తుంది.

అసైన్డ్ జాగా కాబట్టి మీకు పరిహారం సగమే, ఎక్స్‌గ్రేషియా మాత్రమే అని ఎవరైనా అంటే ఒక తీర్పు గుర్తుచేయండి. చేవెళ్ల ఆర్డీవో వర్సెస్ మేకల పాండు కేసులో 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చి చెప్పింది: ప్రజావసరం కోసం అసైన్డ్ భూమిని తీసుకుంటే సొంత పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలి, సొలేషియంతో సహా.

అవార్డులో కట్టిన విలువ నచ్చకపోతే 64వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడగవచ్చు. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడ ఉంటే ఆరు వారాల గడువు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. జాతీయ రహదారి కోసం తీసుకుంటే దారి వేరు, అక్కడ ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్లాలి. ఏ కాగితం మీద సంతకం పెట్టినా "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయడం మర్చిపోవద్దు.

చిన్నాన్న ఏం చేశాడు

వెబ్‌సైట్‌ను పూర్తిగా పక్కన పడేయమని నేను చెప్పలేదు. రోడ్డు అవతల గజం ఎంత అడుగుతున్నారో అది చెబుతుంది, ధరలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది చూపిస్తుంది. అంతవరకే. ఎందుకు 45 అన్నావని దాన్ని అడగడానికి ఎవరూ దొరకరు. వాల్యూయర్ అంకెకు కింద ఒక పేరు, ఒక సంతకం, ఒక తేదీ ఉంటాయి. ఆయన్ను అడగవచ్చు. నా దృష్టిలో ఆ రెండింటికీ ఉన్న అసలు తేడా ఇదే.

ముందు రిపోర్టు కాపీ ఇమ్మని బ్యాంకును రాతపూర్వకంగా అడిగాడు చిన్నాన్న. మొదట బ్యాంకు సొంత కాగితమన్నారు. వాల్యుయేషన్ ఫీజు తన దగ్గరే వసూలు చేశారని గుర్తుచేస్తే ఇచ్చారు. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో తమ వీధి సర్వే నంబరు మీద ఈసీ తీయించాం. రెండు రాష్ట్రాల్లోనూ ఇది ఇంట్లో కూర్చుని చూడవచ్చు, మీసేవలోనూ తీస్తారు. గడచిన మూడేళ్లలో ఆ వీధి సర్వే నంబర్లలో నాలుగు కొనుగోళ్లు జరిగాయి, అన్నీ రిజిస్టరైన జాగాలే. వాటి సర్టిఫైడ్ కాపీలు తీసుకున్నాం. ఒకదాన్ని కొన్నవాళ్లు బ్యాంకు అప్పుతోనే కొన్నారు కాబట్టి ఆ దస్తావేజులో ధర నిజానికి దగ్గరగా ఉంది: గజం 19 వేల చిల్లర.

ఆ కాపీలు జతచేసి, 15 వేలు ఏ అమ్మకాల మీద కట్టారో చెప్పమని, లేకపోతే ప్యానెల్లోని ఇంకొకరితో మళ్లీ కట్టించమని ఒక పేజీ ఉత్తరం రాశాడు. కులం మాట అందులో ఎత్తలేదు. ఎత్తాలని నాకుంది, చిన్నాన్న వద్దన్నాడు, "ముందు పిల్ల ఫీజు కట్టాలి" అన్నాడు. మూడు వారాలకు రెండో వాల్యూయర్ వచ్చాడు. ఆమె ఇల్లంతా కొలిచింది, కాపీలు చూసింది, పక్కింటివాళ్లతో మాట్లాడింది. జాగాకు గజం 18,500 లెక్కన, కట్టడంతో కలిపి 34 లక్షలు దాటింది. ఆ నాలుగు దస్తావేజుల నంబర్లు రిపోర్టులో రాసింది.

ఎదురింటాయన ఈ నెల తన ఇంటి మీద అప్పుకు దరఖాస్తు పెడుతున్నాడు. ఆ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఆయనకు ఇచ్చాడు చిన్నాన్న.